రెండు పరమాణువుల నడుమ

లోకంలో ఏదీ దేన్నీ తాకదని సిరిదత్తుడు నిరూపించాడు. ఆ వాదాన్ని ఎవరూ పడగొట్టలేకపోయారు. అయినా గురువు దాన్ని మెచ్చుకోలేదు. అదే అతని బాధ.

అతనుండేది సముద్రం ఒడ్డున, ఒక కొండ మీది విహారంలో. కింద రేవుపట్నం. పైన ఇటుకల స్తూపం, భిక్షువుల గదులు, బండలోకి తొలిచిన పెద్ద దొన. వానాకాలంలో కొండ మీద పడ్డ నీళ్లన్నీ సన్నటి కాలవల వెంట పారి ఆ దొనలోకి చేరేవి. ఎంత ఎండ కాసినా దాని అడుగు కనిపించేది కాదు.

సిరిదత్తుడు ఆ పట్నం బిడ్డే. తండ్రి ఓడతో పాటు సముద్రంలో పోతే, మేనమామ నందన సెట్టి తెచ్చి పెంచుకున్నాడు. భుజాల మీద కూర్చోబెట్టుకుని రేవులో ఓడలు చూపించేవాడు. పిల్లవాడి బుద్ధి చురుకని గమనించి, వర్తకంలో పెట్టడం ఇష్టం లేక, తనే కొండెక్కించి విహారంలో అప్పజెప్పాడు. మేనమామ అనుకున్నట్టే అయింది. కాషాయం కట్టిన కొన్నేళ్లకే సిరిదత్తుడి పేరు దూరపు విహారాలకి పాకింది. వాదానికొచ్చినవాళ్లు తల దించుకుని వెళ్లేవారు.

అతని వాదం ఇది. ఇసుక రేణువుని నూరండి. నూరిందాన్ని మళ్లీ నూరండి. ఇక నూరడానికి వీల్లేనిది ఒకటి మిగులుతుంది, అది పరమాణువు. రెండు పరమాణువులు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. అవి తాకుతాయా? నిండుగా తాకితే ఒకదాన్లో ఒకటి ఇంకిపోతుంది. అలాగైతే కొండంతా ఒక్క పరమాణువులో ఇమిడిపోవాలి. ఒక పక్క మాత్రమే తాకితే దానికి పక్కలున్నట్టు. పక్కలున్నదాన్ని ఇంకా చీల్చవచ్చు, కాబట్టి అది పరమాణువే కాదు. అంటే పరమాణువులు తాకవు. నడుమ ఎంతో కొంత ఖాళీ ఉండి తీరాలి. చెయ్యయినా గోడయినా అన్నీ పరమాణువులే. కనక గోడని తట్టిన చెయ్యి గోడని తాకలేదు.

ఒక మధ్యాహ్నం అతను గురువు దగ్గరికెళ్లాడు. గురువు పేరు నాగమిత్ర థేరుడు. ఆ విహారానికి పెద్ద. అప్పుడాయన గది ముందు కూర్చుని చిరిగిన కాషాయపు చీవరానికి మాసిక వేసుకుంటున్నాడు.

"భంతే, నా వాదంలో తప్పుందా?"

"లేదు."

"మరి అందరూ మెచ్చుకుంటుంటే మీరొక్కరే ఏమీ అనరేం?"

థేరుడు దారం కొరికి, సూదిని చీవరం అంచున గుచ్చాడు. లోపలికి వెళ్లి ఒక మట్టిముంత తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి దొన దగ్గర నీళ్లు పోసే పని నువ్వు చూసుకో."

సిరిదత్తుడికి మనసు చివుక్కుమంది. నీళ్లు పోసే పని కొత్తగా చేరినవాళ్లది. అయినా గురువు మాట. తల వంచి ముంత పుచ్చుకున్నాడు.

పట్నం వాళ్లెవరైనా కొండకొస్తే దొన మెట్లు దిగి వాళ్లే నీళ్లు ముంచుకునేవారు. కాటివాడ వాళ్లు మాత్రం దిగకూడదు. కాటివాడ వాళ్లంటే ఊరి బయట, ఇసుకదిబ్బల వెనక ఉండేవాళ్లు. శవాలు మోసేదీ కాల్చేదీ వాళ్లే. వాళ్లు కుండలు కింద రాతి మీద పెట్టి దూరంగా నిలబడితే, భిక్షువు నీళ్లు తోడి పైనుంచి ధారగా పోసేవాడు. విహారం నియమాల్లో అలాంటిదేం లేదు. బుద్ధుడి మాటల్లో అంతకన్నా లేదు. పట్నంలోని దాతలు నొచ్చుకోకూడదని ఎవరో ఎప్పుడో మొదలుపెట్టారు. అది అలా సాగిపోతోంది.

కాటివాడ నుంచి రోజూ వచ్చే వాళ్లలో పొగడ అనే మనిషి ఉండేది. మొగుడు పోయాడు. అతను మోసిన పాడెకొయ్యని ఇప్పుడు ఆమే మోస్తోంది. మాట పదును.

"సామీ, అంత ఎత్తునించి పోస్తే సగం నీళ్లు రాయే తాగుతోంది. కొంచెం దించి పొయ్యి," అంది ఒకరోజు.

"ముంత కుండకి తగులుతుంది."

"తగిలితే?"

సిరిదత్తుడికి నవ్వొచ్చింది. ఎంతెంతమంది పండితుల్ని నిలదీసిన వాదం, ఈమెకి ఎలా చెప్పడం అనుకున్నాడు. అయినా చెప్పాడు.

"నిజానికి తగలదమ్మా. లోకంలో ఏదీ దేన్నీ తాకదు. నువ్వు మోసే పాడెకొయ్య కూడా నీ భుజాన్ని తాకట్లేదు. నడుమ కంటికి కనిపించని ఖాళీ ఉంది."

పొగడ తన భుజం వైపు చూసుకుంది. కొయ్య ఒరుసుకుని ఒరుసుకుని అక్కడ చర్మం నల్లగా కాయ కాసి ఉంది.

"నిజమా సామీ?"

"నిజం."

"అయితే ఇంకేం? దించు."

సిరిదత్తుడు చెయ్యి దించబోయాడు. దిగలేదు. మోచెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. పొగడ కాసేపు చూసింది. తర్వాత ఏమీ అనకుండా, సగమే నిండిన కుండ నెత్తికెత్తుకుని కొండ దిగింది.

ఏమన్నా అని ఉంటే బాగుండేది. అతనికి ఒళ్లు మండింది. దాతలు చూస్తే విహారానికి కష్టం కాబట్టి దించలేదని సర్దిచెప్పుకున్నాడు. కానీ అప్పుడక్కడ దాతలెవరూ లేరు. గాలి తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే గురుశిష్యులిద్దరూ భిక్షకి కొండ దిగుతున్నారు. సిరిదత్తుడు ఉండబట్టలేక అడిగాడు.

"భంతే, బుద్ధికి తెలిసింది చేతికి ఎందుకు తెలియదు?"

థేరుడు నడుస్తూనే ఉన్నాడు. కొండ కింద దారి చీలుతుంది. కుడివైపు పట్నం, ఎడమవైపు ఇసుకదిబ్బలు. థేరుడు ఎడమవైపు తిరిగాడు. వెనక్కి చూడలేదు, రమ్మనలేదు. సిరిదత్తుడు చీలిక దగ్గర నిలబడిపోయాడు. ఆయన దిబ్బల వెనక కనుమరుగయ్యేదాకా చూసి, పట్నం దారి పట్టాడు.

ఆ పూట శిష్యుడి పాత్రలో నెయ్యి వేసిన అన్నం పడింది. గురువు పాత్రలో చేపల వాసన వేసే పల్చటి గంజి పడింది. ఇద్దరూ ఒకే నీడన కూర్చుని తిన్నారు. థేరుడు గంజి అడుగుదాకా తాగి, పాత్ర కడుక్కుని వెళ్లిపోయాడు.

ఇంతలో రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలన్నది ఆ ఏడు ఉత్తమాట కాలేదు. కాటివాడలో ఇసుకలో తవ్వుకున్న చెలమలు ఉప్పెక్కాయి. ఆ నీళ్లు తాగి పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. ఒక పసిదాన్ని పూడ్చిపెట్టారు కూడా.

ఆ మధ్యాహ్నం పొగడ కుండతో కొండెక్కి వచ్చింది. భిక్షువులందరూ లోపల పాఠంలో ఉన్నారు. పాఠం చెబుతున్నది సిరిదత్తుడే. పొగడ ఎండలో నిలబడి పిలిచింది. మళ్లీ పిలిచింది. రాయి మీద కూర్చుని చూసింది. ఎవరూ రాలేదు. లేచి కొంగు బిగించి, దొన మెట్లు దిగి, కుండ ముంచుకుంది.

స్తూపానికి పూలు తెచ్చిన పట్నం ఆడమనిషి ఒకావిడ అది చూసి కేక పెట్టింది. పొద్దు వాలేలోగా రేవులో ప్రతి నోటా అదే మాట.

తెల్లవారగానే నందన సెట్టి ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని కొండెక్కాడు. పొగడని కూడా పిలిపించారు. ఆమె కుండతో సహా వచ్చి కాలవకి అవతల నిలబడింది. ఆమె వెనక మరిది ఎఱ్ఱడు, వాడ నుంచి ఇంకొందరు.

సెట్టి చెడ్డవాడు కాదు. థేరుడి కాళ్లకి మొక్కాడు. మేనల్లుడి కాళ్లకీ మొక్కాడు, కాషాయం కట్టాడు కనక. తర్వాత చెప్పాల్సింది చెప్పాడు.

"భంతే, ఈ దొన మా తాత తొలిపించింది. ఇందులో నీళ్లు అంటుపడ్డాయంటున్నారు. అంతా తోడి పోయించండి. కాటివాడ వాళ్లు ఇక కొండెక్కకూడదు. అది జరక్కపోతే ఈ వానాకాలం పట్నం నుంచి మీకు బియ్యం రావు. నా మాట కాదు, అందరి మాట."

భిక్షువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత ఎండలో దొన తోడి పోస్తే తాగడానికేముంటుంది? బియ్యం రాకపోతే తినడానికేముంటుంది?

సిరిదత్తుడు ముందుకొచ్చాడు. అతని గుండె సంతోషంతో కొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ పండితుల మధ్య పేరుకే పనికొచ్చిన వాదం ఈ రోజు విహారాన్నే కాపాడబోతోంది.

ఇసుక రేణువుతో మొదలుపెట్టాడు. నూరాడు, మళ్లీ నూరాడు. పరమాణువుల్ని పక్కపక్కన నిలబెట్టాడు. ఎంత తేలిగ్గా చెప్పాడంటే, లెక్కలు తప్ప ఏమీ ఎరగని వర్తకులు కూడా తలలూపారు.

సెట్టి ఒక్కసారి అడ్డుపడ్డాడు. "నిన్న గడపకి తగిలి నా కాలివేలు వాచింది భంతే. తాకకపోతే ఎలా వాచింది?"

అందరూ నవ్వారు.

"అది ప్రతిఘాతం ఉపాసకా. ఒక పరమాణువు ఉన్నచోటికి ఇంకోదాన్ని రానివ్వదు. దగ్గరికొచ్చినదాన్ని ఎదిరించి నిలుస్తుంది. మనం దాన్నే తాకడం అనుకుంటాం. అది చిన్న సంగతి. అసలు సంగతి నడుమ ఖాళీ. కాబట్టి ఈమె చెయ్యి ఈ నీళ్లని తాకలేదు. తాకనప్పుడు అంటెక్కడిది?"

సెట్టి మొహం విప్పారింది. విహారంతో తగువు ఆయనకీ ఇష్టం లేదు. మేనల్లుడి ప్రజ్ఞకి కళ్లు కూడా చెమర్చాయి. పెద్దలతో గుసగుసలాడి వచ్చాడు.

"బాగుంది భంతే. ఈమె నీళ్లు ముట్టుకోలేదు. దొన శుభ్రంగానే ఉంది. ఆ మాట ఈమె అందరి ముందూ ఒక్కసారి చెప్తే చాలు. రేపట్నుంచి ఎప్పట్లాగే దూరంగా కుండ పెట్టుకుని పోయించుకుంటుంది. ఇక తగువు లేదు."

సిరిదత్తుడు పొగడ వైపు తిరిగాడు. "చెప్పమ్మా. ముట్టుకోలేదని చెప్పు, చాలు."

పొగడ కుండని నేల మీద పెట్టింది.

"ముట్టుకున్నాను," అంది.

"అమ్మా, నేను చెప్పింది వినలేదా? పరమార్థంలో..."

"విన్నాను సామీ. నువ్వు ఎంత బాగా చెప్పినా నేను ముట్టుకున్నాను. మోచేతిదాకా ముంచాను. చల్లగా ఉన్నాయి. కుండ నింపుకున్నాక మొహం కూడా కడుక్కున్నాను. రేపు మళ్లీ వస్తాను, మళ్లీ ముంచుతాను. పసిదాన్ని పూడ్చిపెట్టి వచ్చాం. మీకు మాట దక్కడం కోసం నా చెయ్యి నీళ్లలో లేదని నేను చెప్పను."

పెద్దల్లో కలకలం రేగింది. సిరిదత్తుడికి తల కొట్టేసినట్టయింది. గెలిచిన వాదం కళ్లెదుటే నీరుగారిపోతోంది. ఇంత మూర్ఖత్వమా అనుకున్నాడు.

అప్పుడు నాగమిత్ర థేరుడు లేచాడు. గదిలోంచి తన ఇనప భిక్షాపాత్ర తెచ్చుకున్నాడు. నెమ్మదిగా కాలవ దాటి పొగడ ముందు నిలబడ్డాడు.

"తల్లీ, ఆ కుండలో నీళ్లు మిగిలాయా?"

"ఉన్నాయి సామీ. నిన్నటివే."

థేరుడు పాత్ర చాచాడు. పొగడ కుండ ఎత్తింది. కుండమూతి పాత్ర అంచుకి ఆనించి పోసింది. మట్టి ఇనుముకి తగిలిన చప్పుడు అందరికీ వినపడింది. థేరుడు అక్కడే నిలబడి పాత్ర ఖాళీ అయ్యేదాకా తాగాడు. గడ్డం మీదికి కారిన నీళ్లు తుడుచుకోలేదు.

"సెట్టీ, ఈమె ముట్టుకుంది. నేను తాగాను. ఇక నువ్వు చెప్పు."

నందన సెట్టి మొహంలో నెత్తురుచుక్క లేదు. దొన వైపు వేలు చూపాడు.

"దొన మా తాతది భంతే. దానికి మూత పెట్టే హక్కు నాకుంది."

అందరూ దిగిపోయాక సిరిదత్తుడు గురువు ముందుకొచ్చాడు. 

"నేను విహారాన్ని కాపాడాను భంతే. మీరే పోగొట్టారు. ఎందుకు?"

థేరుడు జవాబుగా పాత్ర అందించాడు. "కడిగి పెట్టు నాయనా."

సిరిదత్తుడు అందుకుని దొన వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక తన చేతుల వైపు చూసుకున్నాడు. గురువు తాగిన పాత్రని, రోజూ తను రెండు చేతులా కళ్లకద్దుకునే పాత్రని, ఇప్పుడు రెండు వేళ్ల కొసలతో పట్టుకుని ఉన్నాడు. ఒంటికి దూరంగా, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు.

అతను ఆగిపోయాడు. అక్కడే నిలబడి, సిగ్గుతో కాలిపోతూ, ఆ వేళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు సూర్యుడు సముద్రం లోంచి పూర్తిగా లేవకముందే నందన సెట్టి తన మనుషులతో వచ్చాడు. కూడా రాళ్లు కొట్టేవాళ్లు, వాళ్ల పెద్ద దుగ్గన. కొండ మీదే పడి ఉన్న నడుమెత్తు బండ ఒకదాన్ని గడ్డపారలతో లేపి, కింద దుంగలు వేసి దొర్లించడం మొదలుపెట్టారు. దొన మెట్లకి ముందు రెండు రాతిగుట్టల నడుమ ఇరుకు దారి ఉంది. బండ ఆ ఇరుకులో పడితే చాలు, ఇక ఎవరూ లోపలికి దిగలేరు.

థేరుడు వచ్చి ఆ ఇరుకులో కూర్చున్నాడు. మెట్లకి వీపు పెట్టి, బండకి ఎదురుగా.

బండ ఆగింది. దుగ్గన వెనక్కి తిరిగి సెట్టి వైపు చూశాడు.

మిగతా భిక్షువులు సిరిదత్తుడి వైపు చూశారు. మాట్లాడగలిగినవాడు అతనే. సిరిదత్తుడు మేనమామ దగ్గరికెళ్లాడు.

"ఉపాసకా, ఒక్కమాట వినండి. బండ ఆపించండి. ఆయన ముసలివాడు. దెబ్బ తగులుతుంది."

నందన సెట్టి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తగులుతుందా? నిన్న మీరు చెప్పిందేమిటి భంతే? ఏదీ దేన్నీ తాకదు కదా. ఈ బండ మాత్రం ఆయన్ని ఎలా తాకుతుంది? నడుమ ఖాళీ ఉంటుంది. భయమెందుకు?"

సిరిదత్తుడు బండ వైపు చూశాడు.  ఎంతోమంది పండితుల్ని నోరెత్తనివ్వని వాదం ఇప్పుడు బండకి దారి ఇస్తోంది.

"తోయండి," అన్నాడు సెట్టి.

దుంగలు కిర్రుమన్నాయి.

థేరుడు తలెత్తలేదు.  తన పక్కన నేలని అరచేత్తో రెండుసార్లు తట్టాడు, పసివాణ్ని కూర్చోమన్నట్టు.

సిరిదత్తుడు పరిగెత్తాడు. బండకీ గుట్టకీ నడుమ సందులోంచి దూరి గురువు పక్కన కూలబడ్డాడు. ఆ వెంటనే ఇంకో ఒళ్లు వచ్చి అతనికి రెండోవైపు ఇరుక్కుంది. పొగడ మరిది ఎఱ్ఱడు. కాటివాడ వాళ్లు దుంగల చప్పుడు విని కొండెక్కి వచ్చారు. పొగడ వాళ్ల వెనక నిలబడి, వాళ్ల తలల మీదుగా ముందుకి వంగి, బండ పైఅంచు మీద రెండు చేతులూ మోపింది.

ఎఱ్ఱడి భుజం సిరిదత్తుడి భుజానికి ఒత్తుకుంది. చెమట, పొగ వాసన. సిరిదత్తుడి ఒళ్లు దానంతటదే ముడుచుకోబోయింది. ముడుచుకోవడానికి చోటు లేదు. ఒకవైపు గురువు ఎముకలు, ఇంకోవైపు ఎఱ్ఱడి కండ, ఎదురుగా బండ.

అరచేతులు బండకి ఆనించాడు. ఇంకా ఎండ తగలని రాయి చల్లగా ఉంది. అటునుంచి తోపు వచ్చింది. మోచేతులు వంగాయి. బండ మోకాళ్లదాకా వచ్చింది. థేరుడి ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

"కాళ్లు తన్నిపెట్టు సామీ," అన్నాడు ఎఱ్ఱడు పళ్ల బిగువున. "మడమలు నేలలోకి దిగేసి తన్నిపెట్టు. నా భుజానికి నీ భుజం ఇయ్యి."

సిరిదత్తుడు ఇచ్చాడు.

బండ ఆగింది.

అటు మళ్లీ తోశారు. దుంగ ఒకటి పక్కకి ఎగిరిపడింది. బండ ఇసుమంత కూడా జరగలేదు. తోపు మళ్లీ వచ్చింది, ఇటునుంచి మళ్లీ జవాబు వెళ్లింది. ఎవరి బలం ఎవరిదో సిరిదత్తుడికి తెలియలేదు. గురువు వణుకు తన భుజంలోకి వస్తోంది, ఎఱ్ఱడి బలం తనలోంచి గురువుకి వెళ్తోంది. తల పైన పొగడ పిడికిళ్లు బిగుసుకుని ఉన్నాయి.

గడ్డపార నేల మీద పడ్డ చప్పుడైంది.

"మావల్ల కాదు సెట్టిగారూ," దుగ్గన గొంతు. "రాయి కొట్టి బతికేవాళ్లం. మనుషుల మీదికి తోసి బతకలేం."

"పక్కకి తప్పుకోండి."

నందన సెట్టి తనే వచ్చాడు. పట్టు ఉత్తరీయం నడుముకి చుట్టి, ఉంగరాల చేతులు బండకి ఆనించి తోశాడు. ఒక్కడు తోస్తే కదిలే బండ కాదది. ఆయనకీ తెలుసు. అయినా తోశాడు. తోస్తూ తలెత్తాడు. బండకి అటు మేనమామ, ఇటు మేనల్లుడు. నడుమ మూరెడు రాయి.

ఇద్దరి కళ్లూ కలిశాయి. సెట్టి గొంతు మారిపోయింది. భంతే అనడం మర్చిపోయాడు.

"చెయ్యి తియ్యరా సిరీ. నలిగిపోతావు."

"తియ్యను మామా."

"నేన్రా చెప్పేది. నిన్ను పెంచినవాణ్ని."

"తెలుసు మామా. తియ్యను."

సెట్టి ఇంకాసేపు అలాగే ఉన్నాడు. ఆయన చేతులు రాయి మీదే ఉన్నాయి గాని వాటిల్లో తోపు లేదు. తర్వాత చేతులు తీసుకున్నాడు. ఉత్తరీయం విప్పి మొహం తుడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కొండ దిగిపోయాడు. దుగ్గన మనుషులు దుంగలు ఏరుకుని ఆయన వెనకే వెళ్లారు. బండని అక్కడే వదిలేశారు.

ఆ వానాకాలం పట్నం నుంచి బియ్యం రాలేదు. భిక్షువుల్లో కొందరు వేరే విహారాలకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కాటివాడ గంజితో, రాళ్లు కొట్టేవాళ్లు పంచిన జొన్నలతో కాలం గడిపారు. సిరిదత్తుడు బాగా చిక్కిపోయాడు. సెట్టి మళ్లీ కొండెక్కడానికి చాలా కాలం పట్టింది. ఎక్కినా దొన వైపు చూసేవాడు కాదు. పొగడ మాత్రం రోజూ వచ్చి మెట్లు దిగి, తన కుండ తనే ముంచుకునేది.

అదంతా తర్వాతి మాట. ఆ పొద్దున, సెట్టి దిగిపోయాక, బండ ముందు కూర్చున్నవాళ్లెవరూ వెంటనే లేవలేదు.  సిరిదత్తుడి అరచేతులు ఇంకా రాతికి అతుక్కునే ఉన్నాయి. ఎడమ అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఎఱ్ఱడు అది చూసి, తన తలగుడ్డ చింపి, అడక్కుండానే అతని చెయ్యి లాక్కుని కట్టు కట్టాడు. సిరిదత్తుడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

థేరుడు ఊపిరి కుదుటపడ్డాక అడిగాడు.

"సిరిదత్తా, ఆ బండకీ నీ చేతికీ నడుమ ఖాళీ ఉందా?"

సిరిదత్తుడు రాతి మీద నెత్తుటి మరక వైపు చూశాడు.

"ఉంది భంతే."

"ఎంత?"

శిష్యుడు కట్టు కట్టిన చేత్తో రాతిని తడిమాడు. కింద సముద్రం మీదికి ఎండ వచ్చింది.

"ఎంతో తెలీదు భంతే. ఎంతున్నా, అందులోకి బండని మేం రానివ్వలేదు."

నాగమిత్ర థేరుడు అతని భుజం ఊతగా పట్టుకుని లేచాడు.

"నీ వాదంలో అప్పుడూ తప్పు లేదు. ఇప్పుడది నీ చేతికీ తెలిసింది," అన్నాడు.